హారన్ మోగుతున్నా చక్రాలు దించకుండా ఎలా దిగుతారు?

బెంగళూరు జక్కూర్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం మీద ఎగిరే గంటలు పూర్తి చేశాననీ, వచ్చే నెల ట్విన్ (రెండు ఇంజన్ల విమానం) మీదకి వెళ్తున్నాననీ రాశారు. ఎవరో పంపిన బెల్లీ ల్యాండింగ్ (చక్రాలు లేకుండా పొట్ట మీద దిగడం) వీడియో చూశాక నిద్ర పట్టలేదన్నారు. "చక్రాలు దించలేదని హెచ్చరించే హారన్ అంతసేపు మోగుతుంటే చక్రాలు దించకుండా ఎలా దిగిపోయారు? ఇది నిర్లక్ష్యం కాదా? నాకు జరగకుండా ఏం చేయాలి?" అని మూడు ప్రశ్నలు అడిగారు. రిట్రాక్టబుల్ గేర్ (ఎగిరాక పైకి ముడుచుకునే చక్రాలు) ఉన్న విమానాల మీద చాలా ఏళ్ళుగా ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే జవాబిస్తాను.

ముందు రెండో ప్రశ్న. నిర్లక్ష్యం అనే మాటని పక్కన పెట్టండి. ఆ మాట అనుకున్నవాడికి వెంటనే వచ్చే ఆలోచన "నేను జాగ్రత్తగా ఉంటాను, నాకు జరగదు" అని. అక్కడితో ఆలోచించడం ఆగిపోతుంది. గేర్ దించకుండా దిగినవాళ్ళలో వేల గంటల అనుభవం ఉన్నవాళ్ళున్నారు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా జరిగినవీ ఉన్నాయి. వీళ్ళలో చాలామంది చెక్‌లిస్ట్ శ్రద్ధగా చదివేవాళ్ళే.

ఇంకొకటి కూడా విడదీసుకోవాలి. గేర్ మొరాయించడం వేరు, దించకపోవడం వేరు. 2023 జులైలో మన హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరిన ఒక చిన్న బిజినెస్ జెట్, గేర్‌లో సమస్య వచ్చి వెనక్కి తిరిగి, ముందు చక్రం లేకుండానే దిగింది. ఆ వీడియో బెంగళూరులో అందరి ఫోన్లలోనూ తిరిగింది. లోపల ఉన్న ఇద్దరు పైలట్లూ క్షేమంగా బయటికి వచ్చారు. ఏం జరుగుతుందో వాళ్ళకి ముందే తెలుసు, సిద్ధపడి దిగారు. మీరు భయపడాల్సింది దాని గురించి కాదు. గేర్ చక్కగా పనిచేస్తూ, పైలట్ కూడా అంతా బాగుందనే నమ్మకంతో దిగుతున్నప్పుడు ప్రాపెల్లర్ రన్‌వేకి తగిలిన చప్పుడుతోనే విషయం తెలిసే సందర్భం ఉంది చూశారా, దాని గురించి.

అది ఎలా జరుగుతుందో చెబుతాను. ఊరికి బయల్దేరి మెజెస్టిక్ బస్టాండ్ దాకా వెళ్ళాక "తలుపు తాళం వేశానా?" అని అనుమానం వస్తుంది. గుర్తు తెచ్చుకుంటే వేసినట్టే ఉంటుంది, చేతిలో తాళంచెవి తిరిగినట్టు కూడా అనిపిస్తుంది. కానీ ఆ జ్ఞాపకం ఈరోజుదో నిన్నటిదో చెప్పలేం. రోజూ ఒకే చోట, ఒకే వరసలో చేసే పనికి ఇదే చిక్కు. నిన్నటి జ్ఞాపకం ఇవాళ్టి ఖాళీని నింపేస్తుంది. నాసా ఏమ్స్ కేంద్రంలో కీ డిస్ముకేస్ అనే శాస్త్రవేత్త పైలట్ల మరుపు మీద చాలాకాలం పనిచేశారు. పని మధ్యలో అంతరాయం వచ్చినా, ఒక పనిని కాసేపు వాయిదా వేసినా, రోజూ ఆ పనిని గుర్తుచేసే సంకేతం ఆరోజు కనబడకపోయినా, ఎంత అనుభవజ్ఞుడైనా ఆ మెట్టు దాటేసి తర్వాతి మెట్టుకి వెళ్ళిపోగలడని ఆయన బృందం చూపించింది. మనసు ఆ పనిని "అయిపోయింది" అనే లెక్కలో వేసేస్తుంది. అందుకే ఎవరైనా అడిగితే పైలట్ అబద్ధం చెప్పకుండానే "గేర్ డౌన్" అంటాడు.

మీకు ఇంకో అదనపు ఇబ్బంది ఉంది. మీరు ఇప్పటిదాకా నేర్చుకున్నదంతా చక్రాలు పైకి పోని విమానం మీదే. సెస్నా 152, 172, మన ఊళ్ళో ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) తయారుచేసిన హంస, అన్నీ ఫిక్స్‌డ్ గేరే. డౌన్‌విండ్ (దిగేముందు రన్‌వేకి పక్కగా, దిగే దిశకి ఎదురు దిశలో ఎగిరే భాగం) చెక్స్‌లో "అండర్‌క్యారేజ్... ఫిక్స్‌డ్ అండ్ డౌన్" అని ఎన్ని వందలసార్లు అని ఉంటారో ఆలోచించండి. ఆ మాట అన్న ప్రతిసారీ కళ్ళు ఎక్కడున్నాయి? బయట ట్రాఫిక్ మీదో, రన్‌వే దూరం మీదో. చూడటానికి అక్కడేమీ లేదు కాబట్టి చూడలేదు. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు కావాలి. అందులో ఎక్కువ భాగం ఆ ఒక్క మాటని చూడకుండా అనడం మీ నోటికి అలవాటైపోయింది. ట్విన్ ఎక్కిన మొదటిరోజు మీరు భయంతో ఉంటారు, అన్నీ చూస్తారు. ఆ భయం తగ్గి, చెయ్యి తిరిగి, ఇన్‌స్ట్రక్టర్ కూడా మిమ్మల్ని నమ్మడం మొదలుపెట్టాక పాత నోరు తిరిగొస్తుంది. పిల్లల్ని నేను ఎక్కువ కనిపెట్టి ఉండేది ఆ దశలోనే.

ఇప్పుడు ఒక సర్క్యూట్ (దిగడానికి రన్‌వే పక్కన వేసే చుట్టు) ఊహించుకోండి. డౌన్‌విండ్‌లో ఉన్నారు. రన్‌వే చివర ఎదురుగా రాగానే గేర్ దించడం మీ అలవాటు. సరిగ్గా అప్పుడే టవర్ నుంచి "ముందు ట్రాఫిక్ స్లోగా ఉంది, డౌన్‌విండ్ ఎక్స్‌టెండ్ చేయండి" అని వస్తుంది. అంటే ఇంకాస్త ముందుకెళ్ళి తిరగమని. మీరు రీడ్‌బ్యాక్ చేశారు, విన్నది తిరిగి చెప్పారు. ఇప్పుడే గేర్ దించితే స్పీడ్ పడిపోతుంది, కాసేపాగి దించుదాం అనుకున్నారు. ముందున్న విమానం కోసం కళ్ళు చిట్లించి వెతుకుతున్నారు. దొరికింది. బేస్ (రన్‌వే వైపు మలుపు తిరిగాక వచ్చే భాగం) తిరగమన్నారు, తిరిగారు. బేస్‌లో చేసే పని ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక అంచున కిందికి వంచే రేకులు) దించడం. చెయ్యి దానంతట అదే ఫ్లాప్స్ మీదకి వెళ్ళింది. గేర్ దించాల్సిన చోటు వెనక ఎక్కడో ఉండిపోయింది. ఇక మీ వరసలో గేర్‌ని గుర్తుచేసే చోటు ఇంకొకటి లేదు. ఇందులో ఎక్కడా నిర్లక్ష్యం లేదు. టవర్ చెప్పింది చేశారు, ట్రాఫిక్ చూశారు, స్పీడ్ సరిగ్గా పట్టుకున్నారు.

గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరగడం) తర్వాత కూడా ఇలాగే అవుతుంది. మొదటిసారి గేర్ దించారు, గేర్ లాక్ అయిందని చెప్పే పచ్చలైట్లు చూశారు, ఏదో కారణంతో గో-అరౌండ్ చేసి గేర్ ఎత్తారు. రెండో సర్క్యూట్ హడావిడిగా, చిన్నగా తిరిగారు. "గేర్ దించాను, లైట్లు చూశాను" అనే జ్ఞాపకం నిజమే, ఐదు నిమిషాల క్రితంది. గో-అరౌండ్ చేశాక ల్యాండింగ్ చెక్స్ మొత్తం మొదటి నుంచి, పైకి గట్టిగా చదవాలని నేను పట్టుబట్టేది అందుకే.

హారన్ సంగతికొద్దాం. మిమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఇదే కదా. చిన్న విమానాల్లో గేర్ హారన్ నేలని చూసి మోగదు. థ్రాటిల్ (ఇంజన్ పవర్ లివర్) ఒక హద్దు దాటి వెనక్కి లాగినప్పుడు, లేదా ఫ్లాప్స్ ఒక హద్దు దాటి దించినప్పుడు, గేర్ కిందికి లాక్ అయి లేకపోతే మోగుతుంది. దీనివల్ల రెండు వైపులా నష్టముంది. కాస్త పవర్ ఉంచుకుని, ఫ్లాప్స్ తక్కువ పెట్టి అప్రోచ్ చేస్తే హారన్ ఫైనల్ (రన్‌వేకి సూటిగా దిగే చివరి భాగం) అంతా నోరెత్తదు. రన్‌వే మీద థ్రాటిల్ మూసినప్పుడే మోగుతుంది. అదే క్షణంలో స్టాల్ వార్నింగ్ (స్పీడ్ తగ్గి రెక్కలు ఇక ఎత్తి పట్టలేవనే హెచ్చరిక) కూడా మోగుతుంది. ఫ్లేర్‌లో (నేలని తాకేముందు ముక్కు ఎత్తేటప్పుడు) స్టాల్ హారన్ వినబడటం మంచి ల్యాండింగ్‌కి గుర్తని మీకు నేర్పాం కూడా. రెండు మోతలు కలిసిపోతే పైలట్ అదంతా స్టాల్ హారనే అనుకుంటాడు.

రెండో వైపు ఇంకా ప్రమాదం. ట్విన్ ట్రైనింగ్‌లో ఇన్‌స్ట్రక్టర్ ఒక ఇంజన్ ఫెయిలైనట్టు చూపించడానికి ఒక థ్రాటిల్ వెనక్కి లాగుతాడు. గేర్ పైన ఉంది కాబట్టి హారన్ మొదలవుతుంది. మీరు రడ్డర్ తొక్కుతూ, ఏ ఇంజన్ పోయిందో చూస్తూ, స్పీడ్ కాపాడుకుంటూ ఉంటారు. వెనక హారన్ మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఏమీ చేయరు. స్టాల్స్ ప్రాక్టీస్‌లో మోగుతుంది. ఎత్తు నుంచి థ్రాటిల్ లాగి దిగుతుంటే మోగుతుంది. వారం తిరిగేసరికి మీ చెవి ఆ మోతకి ఒక అర్థం కట్టేసుకుంటుంది: ఇది ట్రైనింగ్‌లో మామూలుగా వచ్చే చప్పుడు అని. కొందరు ఇన్‌స్ట్రక్టర్లు చికాకుపడి హారన్‌ని సైలెన్స్ చేస్తారు, ఇంకా ఘోరంగా దాని సర్క్యూట్ బ్రేకరే (ఫ్యూజు లాంటిది, లాగితే హారన్‌కి కరెంటు ఆగుతుంది) లాగేస్తారు. మీ ఇన్‌స్ట్రక్టర్ అలా చేస్తే మర్యాదగానే అయినా గట్టిగా అడగండి: "సార్, దీన్ని మళ్ళీ లోపలికి ఎవరు నొక్కుతున్నారు, ఎప్పుడు?" అని. లాగిన బ్రేకర్‌ని మళ్ళీ నొక్కడం మర్చిపోయి దిగిన కేసులున్నాయి.

వినబడకపోవడం అన్నది కూడా అక్షరాలా నిజం. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఫ్రెడరిక్ డెహే బృందం సిమ్యులేటర్‌లో పైలట్లకి ల్యాండింగ్ సమయంలో విండ్‌షియర్ (గాలి ఒక్కసారిగా మారిపోవడం) ఇచ్చి, అదే సమయంలో గేర్ అలారం మోగించింది. కొందరు ఆ అలారంకి స్పందించనే లేదు. చెవిలో లోపం లేదు. కళ్ళకీ నిర్ణయాలకీ పని ఎక్కువైనప్పుడు మెదడు శబ్దాన్ని లోపలికి రానివ్వడం మానేస్తుంది. మీరు చూసిన వీడియోలో వాళ్ళు హారన్‌ని పట్టించుకోలేదని మీకు అనిపించింది. మీరు తీరిగ్గా కూర్చుని విన్నారు, వాళ్ళు దింపే పనిలో ఉన్నారు. దానికితోడు నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ పెట్టుకుంటే, కాక్‌పిట్లో మోగే పాత హారన్ ఇంకా పలచబడుతుంది. హారన్‌ని హెడ్‌సెట్‌లో వినబడేలా కలిపారో లేదో, మీరు ఎగరబోయే విమానం ఇంజనీర్‌ని అడిగి తెలుసుకోండి.

హారన్ కన్నా ముందే విమానం చెబుతుంది. గేర్ దించితే డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) ఒక్కసారిగా పెరుగుతుంది, స్పీడ్ పడుతుంది, గాలి మోత మారుతుంది. కాబట్టి మీ విమానంలో గేర్ దించాక ఏ పవర్‌కి ఏ స్పీడ్ రావాలో అంకెలతో సహా నేర్చుకోండి. ఉదాహరణకి ఫైనల్‌లో 90 నాట్లు రావాల్సిన పవర్ పెట్టారు, సూది 110 దగ్గర ఆగిపోయింది. చాలామంది అప్పుడు చేసే పని పవర్ ఇంకా తగ్గించడం. ఆగి "ఈరోజు ఇది ఎందుకు స్లో అవడం లేదు?" అని అడిగినవాడు బయటపడతాడు. 1996 ఫిబ్రవరి 19న హ్యూస్టన్‌లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ వారి డీసీ-9 పొట్ట మీద దిగింది. హైడ్రాలిక్ పంపుల స్విచ్‌లు హై ప్రెషర్‌కి మార్చలేదు, దాంతో లివర్ వేసినా గేర్ రాలేదు, ఫ్లాప్సూ రాలేదు. ఫ్లాప్స్ రాలేదని పైలట్లు గమనించారు కూడా. విమానం మామూలు కన్నా చాలా వేగంగా వస్తోంది. అయినా అప్రోచ్ కొనసాగించారు. ప్రాణాలు పోలేదు. పెద్ద విమానం, ఇద్దరు పైలట్లు, చెక్‌లిస్ట్ అన్నీ ఉండి జరిగింది.

ఇక మూడో ప్రశ్న, ఏం చేయాలి? "గేర్ గుర్తుపెట్టుకో" అన్న సలహా ఎవరికీ ఉపయోగపడదు. గేర్‌ని మీరు ఎలాగూ తప్పించుకోలేని ఒక చోటికి కట్టేయండి. డౌన్‌విండ్‌లో రన్‌వే అంచు ఎదురుగా వచ్చినప్పుడు దించడం అలవాటైతే, గేర్ దించనిదే అక్కడినుంచి కిందికి దిగకూడదు అనే నియమం పెట్టుకోండి. టవర్ ఎక్స్‌టెండ్ చేయమన్నా సరే, లెవెల్‌గా వెళ్తారు కానీ దిగరు. ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లో గ్లైడ్‌స్లోప్ (దిగాల్సిన వాలు చూపే సిగ్నల్) పట్టుకోబోయేముందు గేర్. అప్పుడు విమానాన్ని కిందికి తేవాలంటే గేర్ మీదుగానే రావాలి.

లివర్ వేశాక చెయ్యి తీయకండి. మా పిల్లలకి నేను మొదట నేర్పేది ఇదే. లివర్ కిందికి వేసి, చెయ్యి దానిమీదే ఉంచి, గేర్ తిరుగుతున్న శబ్దం విని, ముక్కు కాస్త వంగడం గమనించి, మూడు పచ్చలైట్లూ ఒక్కొక్కటిగా వేలితో తాకి "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టాక చెయ్యి తీయాలి. కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కొన్ని క్షణాలూ టవర్ పిలిచినా జవాబివ్వనక్కర్లేదు, వాళ్ళు ఆగుతారు. లివర్ వేసి వెంటనే ఫ్లాప్స్‌కో రేడియోకో చెయ్యి మార్చేస్తే, గేర్ సగంలో ఆగిపోయినా మీకు తెలియదు.

తర్వాత షార్ట్ ఫైనల్‌లో మళ్ళీ ఒకసారి. గంప్స్ అని అందరూ నేర్పుతారు: గ్యాస్ (ఫ్యూయల్), అండర్‌క్యారేజ్ (గేర్), మిక్స్చర్ (ఇంజన్‌కి వెళ్ళే ఫ్యూయల్, గాలి పాళ్ళు), ప్రాప్ (ప్రాపెల్లర్), సీట్‌బెల్ట్. మంచిదే. కానీ రన్‌వే ఎదురుగా పెద్దదవుతున్నప్పుడు అంత పొడుగు చెక్ ఎవరూ నిజంగా చేయరు, నోటితో అనేస్తారు. నా మటుకు చివర్లో ఒక్కటే ఉంచాను: 300 అడుగుల దగ్గర కళ్ళు లోపలికి తెచ్చి లైట్లు చూసి "త్రీ గ్రీన్స్, ల్యాండింగ్" అనడం. లైట్లు చూడకుండా ఆ మాట అనకూడదు. మూడూ కనబడకపోతే చర్చ లేదు, గో-అరౌండ్. వైమానిక దళం నడిపే ఎయిర్‌ఫీల్డుల్లో టవర్ గేర్ గురించి అడిగే అలవాటుంది. మంచి అలవాటు, కానీ దాని మీద ఆధారపడకండి, మామూలు ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగరు. మీరు ఫిక్స్‌డ్ గేర్ మీద ఎగిరే ఈ మిగిలిన రోజుల్లో కూడా "ఫిక్స్‌డ్" అనేటప్పుడు తల తిప్పి కిటికీలోంచి చక్రాన్ని నిజంగా చూడండి. 172 హై వింగ్ కాబట్టి కనబడుతుంది. మెడకి ఇప్పటినుంచే అలవాటవుతుంది.

పచ్చలైట్ల గురించి ఒక చిన్న విషయం, కానీ చాలామందిని చెమటలు పట్టించింది. పైపర్ కంపెనీ యారో లాంటి విమానాల్లో ప్యానెల్ లైట్లు వేసి ఉంటే రాత్రి కళ్ళకి ఇబ్బంది లేకుండా గేర్ లైట్లు మసకబారతాయి. పగలు ఆ స్విచ్ పొరపాటున ఆన్‌లో ఉండిపోతే, గేర్ దిగి ఉన్నా ఎండలో లైట్లు వెలగనట్టే కనబడతాయి. ముందు ఆ స్విచ్ చూడండి. తర్వాత వెలుగుతున్న బల్బు తీసి వెలగని చోట పెట్టి చూడండి. ఇదంతా సర్క్యూట్ బయట, సురక్షితమైన ఎత్తులో. ఆ తర్వాతే ఎమర్జెన్సీ ఎక్స్‌టెన్షన్. అది విమానానికో రకం: యారోలో హైడ్రాలిక్ ప్రెషర్ వదిలేస్తే గేర్ తన బరువుతో పడుతుంది, సెస్నా రిట్రాక్టబుల్స్‌లో హ్యాండ్ పంప్, బీచ్ బ్యారన్‌లో సీటు వెనక హ్యాండిల్‌ని దాదాపు 50 చుట్లు తిప్పాలి. మీ విమానానిది హ్యాండ్‌బుక్‌లో చదవడంతో సరిపెట్టుకోకుండా, హ్యాంగర్‌లో జాకుల మీద ఉన్నప్పుడు ఇంజనీర్‌ని బతిమాలి ఒకసారి చేసి చూడండి.

దిగాక గేర్ ఎత్తేయడం ఇంకో రకం. రోల్ అవుతుండగా ఫ్లాప్స్ ఎత్తబోయి గేర్ లివర్ పట్టుకోవడం. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు దిగిన తర్వాత ఇలా కూలబడుతుంటే, అల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ చూసి, గేర్, ఫ్లాప్ స్విచ్‌లు పక్కపక్కన ఒకేలా ఉండటమే కారణమని తేల్చాడు. గేర్ స్విచ్‌కి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ స్విచ్‌కి రెక్కలాంటి ముక్క తగిలించాడు. ఇవాళ మీ గేర్ లివర్ చివర చక్రం ఆకారం ఉండటం ఆ ఆలోచనకి కొనసాగింపే. అయినా పాత బీచ్ బొనాంజా, బ్యారన్‌లలో గేర్, ఫ్లాప్స్ స్విచ్‌లు మిగతా విమానాలకి తిరగేసి ఉండేవి. ఆ రకాల్లో ఈ పొరపాట్లు ఎందుకు ఎక్కువో అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1980లో ప్రత్యేకంగా ఒక అధ్యయనమే చేసింది. చక్రాల మీద బరువుంటే గేర్ ఎత్తనివ్వని స్క్వాట్ స్విచ్ ఉంటుంది కదా అంటారు. దిగిన వెంటనే రెక్కలు ఇంకా బరువు మోస్తుంటాయి, ఆ స్విచ్ వదిలేయడానికి చిన్న ఎగుడుదిగుడు చాలు. రన్‌వే వదిలి, ఆగేదాకా దేన్నీ ముట్టుకోకండి.

ఇంత చేసినా ఎప్పుడైనా పొట్ట రన్‌వేకి తగిలిందే అనుకోండి. అప్పుడు చేతులు థ్రాటిల్ ముందుకి తోసి లేచిపోదామని చూస్తాయి. తోయకండి. ప్రాపెల్లర్ వంగి ఉంటుంది, ఇంజన్ లోపలి క్రాంక్‌షాఫ్ట్‌కి ఏమైందో తెలియదు, ఆ ఇంజన్ మిమ్మల్ని మళ్ళీ సర్క్యూట్ తిప్పుతుందన్న భరోసా లేదు. 2020 మే 22న కరాచీలో పాకిస్తాన్ ఇంటర్నేషనల్ వారి ఏ320 ఎత్తుగా, వేగంగా వచ్చి, గేర్ పైన ఉండగానే ఇంజన్లు రన్‌వేకి రాసుకుని, మళ్ళీ గాల్లోకి లేచింది. దెబ్బతిన్న రెండు ఇంజన్లూ ఆగిపోయి ఇళ్ళ మీద పడింది. లోపలున్న 99 మందిలో 97 మంది చనిపోయారు. కింద ఉన్నవాళ్ళలోనూ ఒకరు పోయారు. అక్కడ రన్‌వే మీదే జారనిచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. చిన్న విమానంలో గేర్ లేకుండా నేరుగా జారి ఆగినప్పుడు మనుషులకి పెద్ద దెబ్బలు తగలడం అరుదు. థ్రాటిల్ మూసి, నేరుగా పట్టుకుని, మిక్స్చర్ లాగి, ఫ్యూయల్, మాస్టర్ స్విచ్ ఆపి, తలుపు తీసుకుని బయటికి రండి. తగలక ముందు, ఫ్లేర్‌లో ఉండగానే అనుమానం వస్తే మాత్రం ఆలోచించకుండా గో-అరౌండ్. తగిలాక వద్దు.

తర్వాత విమానాన్ని మీ అంతట మీరు కదపకూడదు, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకీ ప్రమాద దర్యాప్తు వాళ్ళకీ తెలియాలి. ప్రాప్ మార్చాలి, ఇంజన్ విప్పి లోపల పరీక్షించాలి, పొట్ట రేకులు, ఫ్లాప్స్, యాంటెన్నాలు పోతాయి. పాత విమానమైతే బాగుచేసే ఖర్చు దాని విలువని మించిపోయి పక్కన పడేస్తారు. ఫ్లయింగ్ స్కూల్‌లో అదొక్కటే ట్విన్ అయితే మీ బ్యాచ్ మొత్తం నెలల తరబడి ఆగిపోతుంది.

ఆటోమేటిక్‌గా దించే ఏర్పాటు పెట్టొచ్చు కదా అని చివర్లో రాశారు. పైపర్ పెట్టింది. పాత యారోల్లో స్పీడ్ తగ్గి పవర్ తీస్తే గేర్ దానంతటదే దిగేది. కానీ ఇంజన్ పోయి, దూరంగా గ్లైడ్ చేయాల్సిన సమయంలో కూడా అది దిగిపోయి డ్రాగ్ పెంచుతుంది. దాన్ని ఆపే ఓవర్‌రైడ్ లివర్ ఉండేది, దాన్ని ఆపి ఉంచి మర్చిపోతే మళ్ళీ మొదటికే వస్తాం. 1980ల చివర్లో పైపరే ఆ ఏర్పాటుని తీసేయమని యజమానులకి చెప్పింది. మీరు ఎగరబోయే ట్విన్‌లో అలాంటిదేమీ ఉండదనుకునే వెళ్ళండి. ఏ రకం ట్విన్ అన్నది మీరు రాయలేదు. సెనెకా అయితే ఒకలా, డైమండ్ డీఏ42 అయితే ఇంకోలా ఉంటుంది హారన్ మోగే లెక్క, ఎమర్జెన్సీ లివర్ ఉండే చోటూ. రకం చెప్తే హ్యాండ్‌బుక్‌లో ముందుగా ఏ పేజీలు చదవాలో, ఇన్‌స్ట్రక్టర్‌ని మొదటిరోజే ఏం అడగాలో రాస్తాను.